మనస్తత్వ ప్రయోగాల చిత్రాలు: దాచుకోని కృత్రిమత

1960, 70 దశకాల్లో అమెరికాలో జరిగిన కొన్ని మనస్తత్వ శాస్త్ర ప్రయోగాలు శాస్త్ర పత్రికల హద్దు దాటి టీవీలోకీ, సినిమాలోకీ వచ్చాయి. యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ చేసిన విధేయతా ప్రయోగాలు, స్టాన్‌ఫర్డ్‌లో ఫిలిప్ జింబార్డో నడిపిన ఉత్తుత్తి జైలు వీటిలో ముందుగా చెప్పుకోవలసినవి. వీటి ఆధారంగా వచ్చిన చిత్రాల్లో ఎక్కువ భాగం జరిగింది జరిగినట్టు చూస్తున్నామన్న నమ్మకం కలిగించడానికే ప్రయత్నించాయి. కొన్ని మాత్రం ఎదురుదారి పట్టాయి. వెనక గోడ ఫొటో అని తెలిసిపోతుంది, గడ్డం అతికించిందని తెలిసిపోతుంది, కథలోని మనిషి కథ ఆపి ప్రేక్షకులతో మాట్లాడతాడు. ఈ రెండో దారిలో అందరికంటే దూరం వెళ్లినవాడు అమెరికన్ దర్శకుడు మైకేల్ అల్మెరెయిడా. ఆయన తీసిన 'ఎక్స్‌పెరిమెంటర్' (2015) మిల్‌గ్రామ్ జీవిత కథ.

ప్రయోగమే ఒక నాటకం

మిల్‌గ్రామ్ ప్రయోగం గురించి చదివినవాళ్లకు అంకెలు గుర్తుంటాయి గానీ దాని రంగాలంకరణ అంతగా గుర్తుండదు. సినిమా వాళ్లకు పనికొచ్చేది ఆ రెండోదే.

1961 ఆగస్టులో న్యూహేవెన్ పట్టణంలో, యేల్ ఆవరణలోని లిన్స్లీ-చిట్టెండెన్ హాలులో ప్రయోగాలు మొదలయ్యాయి. పేపర్లో ప్రకటన ఇచ్చారు. జ్ఞాపకశక్తి మీద పరిశోధన అనీ, వచ్చినవాళ్లకు 4 డాలర్లూ, దారి ఖర్చులకు మరో 50 సెంట్లూ ఇస్తామనీ చెప్పారు. వచ్చినవాడికి గదిలో ఇద్దరు కనిపిస్తారు. బూడిదరంగు కోటు వేసుకున్న పరిశోధకుడు ఒకరు. నిజానికి ఆయన హైస్కూల్లో బయాలజీ చెప్పే మాస్టారు. తనలాగే ప్రకటన చూసి వచ్చినట్టు నటించే 47 ఏళ్ల అకౌంటెంటు ఇంకొకరు. ఎవరు టీచరో ఎవరు విద్యార్థో తేల్చడానికి చీట్లు తీస్తారు. రెండు చీట్ల మీదా 'టీచరు' అనే ఉంటుంది. విద్యార్థి తప్పు చెప్పినప్పుడల్లా టీచరు ఒక మీట నొక్కి కరెంటు షాక్ ఇవ్వాలి, తప్పు తప్పుకీ మోతాదు పెంచాలి.

షాక్ యంత్రానికి 30 మీటలు, 15 వోల్టుల నుంచి 450 వరకు. ముందు పలక మీద యంత్రం రకం, మసాచుసెట్స్‌లోని వాల్తామ్ ఊరి పేరుతో ఒక పరికరాల కంపెనీ పేరు చెక్కి ఉన్నాయి. మిల్‌గ్రామ్ చేయించుకున్న యంత్రానికి ఆ హంగంతా నమ్మకం కుదరడానికే. టీచరుకు రుచి చూపించిన 45 వోల్టుల షాక్ ఒక్కటే నిజం. గోడ అవతలి నుంచి వచ్చే కేకలు తర్వాతి ప్రయోగాల్లో టేపు మీద ముందే రికార్డు చేసి పెట్టినవి. 1963లో అచ్చయిన మొదటి పత్రం ప్రకారం 40 మందిలో 26 మంది, అంటే 65 శాతం, చివరి మీట దాకా వెళ్లారు. వాళ్లను 'మోసం' చేశారన్న మాట మిల్‌గ్రామ్‌కు నచ్చేది కాదు. అది ఒక సాంకేతిక భ్రమ అని వాదించేవాడు.

అంటే కథ ఉంది, పాత్రలున్నాయి, వేషాలున్నాయి, రంగసామగ్రి ఉంది. ఇది నాటకమని తెలియనివాడు గదిలో ఒక్కడే. ఇలాంటి దాన్ని తెరకెక్కించే దర్శకుడు వాస్తవికతను నమ్ముకుంటే ఒక చిక్కులో పడతాడు. బూడిద కోటు మాస్టారు పన్నిన భ్రమనే తానూ ప్రేక్షకుల మీద పన్నుతాడు. ఆ భ్రమ ఎలా పనిచేస్తుందో చూపించాలంటే ఎక్కడో ఒకచోట కుట్లు బయటపడాలి. కృత్రిమ శైలికి ఈ కథల్లో చోటు దొరికింది అక్కడే.

మిల్‌గ్రామ్ చేతిలోని కెమెరా

ఈ కథను మొదట తెరకెక్కించింది మిల్‌గ్రామే. 1962 మేలో, ప్రయోగాలు ముగిసే రోజుల్లో, దాచిపెట్టిన కెమెరాలతో కొందరిని చిత్రీకరించి 'ఒబీడియన్స్' అనే 45 నిమిషాల నలుపు తెలుపు చిత్రం చేశాడు. అది 1965లో వచ్చింది. మనస్తత్వ శాస్త్రం చదివిన కొన్ని తరాల విద్యార్థులకు మిల్‌గ్రామ్ ప్రయోగమంటే ఈ చిత్రమే. మీట మీద వేలు పెట్టి నుదురు రుద్దుకుంటున్న మనిషి, వెనక నిలబడి ఇంకా కొనసాగించాలని మర్యాదగా చెప్పే గొంతు. తర్వాత వచ్చిన ప్రతి దర్శకుడూ ఈ దృశ్యాలకు బాకీ ఉన్నాడు.

మిల్‌గ్రామ్‌లో సినిమా, రంగస్థలం పిచ్చి బలంగా ఉండేది. తెలియనివాళ్లను ఆట పట్టించి రహస్యంగా చిత్రించే 'క్యాండిడ్ కెమెరా' అనే టీవీ కార్యక్రమం మీద వ్యాసం రాశాడు. 1973లో 'ద సిటీ అండ్ ద సెల్ఫ్' అనే చిత్రం చేశాడు. చివరి రోజుల్లో చేసిన ఒక ప్రయోగంలో, ఒక మనిషి చెవిలో ఇంకొకరు మాటలు అందిస్తుంటే ఆ మనిషి వాటినే తన మాటలుగా పలికేవాడు. మన పరిషత్తు నాటకాల్లో వింగ్ చాటు నుంచి ప్రాంప్టింగ్ చెప్పేవాణ్ణి శాస్త్రవేత్త చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుందిది.

తొలి కథాచిత్రాలు

అమెరికాలో సీబీఎస్ 1976లో ప్రసారం చేసిన టీవీ నాటకం 'ద టెన్త్ లెవెల్'లో విలియం షాట్నర్ మిల్‌గ్రామ్‌ను పోలిన ప్రొఫెసర్‌గా నటించాడు. పేరు మార్చారు, ప్రొఫెసర్‌కు పశ్చాత్తాపం అతికించారు. శైలి విషయంలో చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు గానీ, 40 ఏళ్ల తర్వాత అల్మెరెయిడా ఈ నాటకం షూటింగునే తన సినిమాలో ఒక దృశ్యం చేసుకున్నాడు.

ఫ్రాన్స్‌లో ఆన్రీ వెర్నయ్ తీసిన 'ఇ... కొమ్ ఇకార్' (1979) రాజకీయ హత్య మీద దర్యాప్తు కథ. కెనెడీ హత్యను గుర్తుకు తెచ్చే ఈ కథ పేరులేని దేశంలో నడుస్తుంది. దర్యాప్తు చేసే ప్రొసిక్యూటర్‌గా ఈవ్ మోంతాఁ నటించాడు. మధ్యలో కథ ఆగిపోయి మిల్‌గ్రామ్ ప్రయోగం దాదాపు పూర్తిగా జరుగుతుంది. అది 'లయే' అనే విశ్వవిద్యాలయంలో జరుగుతుంది. యేల్ పేరులోని అక్షరాలను అటూ ఇటూ చేసి పుట్టించిన పేరది. ప్రొసిక్యూటర్ అద్దం వెనక నిలబడి చూస్తూ షాక్ ఇస్తున్నవాడి మీద మండిపడతాడు. ఇన్నేసి వోల్టులదాకా మీరు ఎందుకు ఊరుకున్నారని అప్పుడు ఆయన్నే అడుగుతారు. ఆయన ఊరుకున్నాడంటే ప్రేక్షకుడూ ఊరుకున్నట్టే. వెనక ఫొటో గోడలు లేవు, కెమెరాతో మాట్లాడటం లేదు. అయినా ప్రేక్షకుణ్ణి కుర్చీలో ఇబ్బందిగా కదిలించడంలో ఆ ఒక్క ప్రశ్న చాలా సినిమాల హంగులకంటే బాగా పనిచేసింది.

ఎలుక తల, తెల్ల చొక్కా

అలాఁ రెనే తీసిన 'మోన్ ఓంక్ల్ దమెరీక్' (1980) ఏ ఒక్క ప్రయోగం కథా కాదు. ప్రవర్తనా శాస్త్రం మీద తీసిన చిత్రాల్లో ఇంత విచిత్రమైన రూపం మరొకటి అరుదు కాబట్టి ఇక్కడ చెప్పక తప్పదు. ఆన్రీ లబోరీ అనే నిజమైన శాస్త్రవేత్త తెర మీదికి వచ్చి తన సిద్ధాంతాలు వివరిస్తుంటాడు. పంజరంలో కరెంటు షాక్ తిన్న ఎలుక తప్పించుకునే దారి ఉంటే పారిపోతుంది, దారి లేకపోతే పక్క ఎలుకతో పోట్లాడుతుంది, అదీ కుదరకపోతే జబ్బున పడుతుంది. వీటి పక్కనే ముగ్గురు మనుషుల ప్రేమలూ, ఉద్యోగాలూ, ఓటములూ కథగా నడుస్తాయి. ఉన్నట్టుండి ఆ పాత్రలు సూటూబూటూ మీద తెల్ల ఎలుక తలలు పెట్టుకుని ఇంతకుముందు చూసిన గొడవనే మళ్లీ పడతాయి. ఒక్కో పాత్రకు ఒక పాత ఫ్రెంచి తార ఆరాధ్యం. మనసులో భావం కలిగినప్పుడల్లా ఆ తార నటించిన సినిమా ముక్క మెరుస్తుంది. ఈ చిత్రానికి 1980 కాన్ ఉత్సవంలో జ్యూరీ ప్రత్యేక గ్రాండ్ ప్రి వచ్చింది.

ఎలుక తలలను శాస్త్రాన్ని సమర్థించే బొమ్మలుగా చూసినవాళ్లున్నారు, శాస్త్రాన్ని వెక్కిరించే వేషాలుగా చూసినవాళ్లూ ఉన్నారు. నాకు మాత్రం రెనే ఎటూ తేల్చకుండా వదిలేశాడనిపిస్తుంది. లబోరీ మాట్లాడుతున్నప్పుడు మనుషులంతా ఎలుకలే అనిపిస్తుంది. ఎలుక తల వచ్చి ఎదురుగా కూర్చున్నాక ఆ మాట పూర్తిగా నమ్మబుద్ధి కాదు.

'ఎక్స్‌పెరిమెంటర్'

అల్మెరెయిడాకు కృత్రిమత కొత్త కాదు. 'నాడ్జా' (1994) అనే రక్తపిశాచి కథలో కొన్ని భాగాలను పిల్లలు ఆడుకునే బొమ్మ వీడియో కెమెరాతో తీశాడు. 2000లో హామ్లెట్‌ను న్యూయార్క్ ఆకాశహర్మ్యాల మధ్యకు తెచ్చాడు. 'ఎక్స్‌పెరిమెంటర్' 2015 జనవరిలో సన్‌డాన్స్ ఉత్సవంలో మొదట ప్రదర్శితమై అదే ఏడాది అక్టోబరులో అమెరికాలో విడుదలైంది. ఛాయాగ్రహణం రయన్ సాముల్‌ది. మిల్‌గ్రామ్‌గా పీటర్ సార్స్‌గార్డ్, ఆయన భార్య సాషాగా వినోనా రైడర్, కేకలు పెట్టే 'విద్యార్థి'గా జిమ్ గాఫిగన్ నటించారు.

చిత్రం మొదట మామూలుగానే ఉంటుంది. ప్రయోగశాల గదులు గట్టి గోడలున్న సెట్లు. యంత్రం, కోటు, కుర్చీ పట్టీలు అన్నీ పాత ఫొటోలతో సరిపోతాయి. మిల్‌గ్రామ్ ఒకవైపు నుంచే కనిపించే అద్దం వెనక నిలబడి చూస్తుంటాడు. ఉన్నట్టుండి తల తిప్పి మనతో మాట్లాడతాడు. అక్కడి నుంచి ఆయన మన నాటకాల సూత్రధారుడిలా కథలోకీ బయటికీ తిరుగుతుంటాడు. ఒక తేడా ఉంది. సూత్రధారుడు ప్రేక్షకుల మనిషి. ఈయన పక్కా పరిశోధకుడు. గొంతు ఎత్తడు, చిరునవ్వు పూర్తిగా నవ్వడు. మనల్ని విశ్వాసంలోకి తీసుకుంటున్నాడా, మనమీదా ఏదో ప్రయోగం చేస్తున్నాడా అన్నది చివరిదాకా తేలదు. తాను ఎప్పుడు, ఎన్నో ఏట చనిపోతాడో కూడా ఆయనే చెబుతాడు.

తర్వాతి ఉపాయం బ్యాక్ ప్రొజెక్షన్. నటుల వెనక తెర కట్టి ముందే తీసిన దృశ్యాన్ని వెనక నుంచి ప్రొజెక్ట్ చేయడమన్నమాట. ఒకప్పుడు హీరో స్టూడియోలో స్టీరింగు తిప్పుతుంటే వెనక రోడ్డు పరుగెత్తే పాటలు చూసి పెరిగిన తెలుగు ప్రేక్షకుడికి దీని పేరు తెలియకపోయినా ముఖం తెలుసు. హాలీవుడ్‌లో 1930ల నుంచి ఖర్చు తగ్గించుకోవడానికి వాడుకున్న ఈ పద్ధతిలో గొప్పతనమంతా కనిపించకుండా ఉండటంలోనే ఉండేది. అల్మెరెయిడా దాన్ని కనిపించేలా వాడాడు. కారు కిటికీ అవతల నలుపు తెలుపు లోకం కదులుతుంటే లోపల మనుషులు రంగుల్లో ఉంటారు. మిల్‌గ్రామ్ తన గురువు సోలమన్ ఆష్ ఇంటికి వెళ్లినప్పుడు ఆ ఇల్లే ఒక పెద్ద నలుపు తెలుపు ఫొటో. దాని ముందు నిజమైన మనుషులు కూర్చుని మాట్లాడుకుంటారు. గీతల పొడవు గురించి పక్కవాళ్లంతా తప్పు చెబితే కళ్లెదుటి నిజాన్ని కాదని మనిషి గుంపుతో ఎలా గొంతు కలుపుతాడో చూపించినవాడు ఆష్. కళ్లను నమ్మాలో వద్దో తెలియని గదిలో ఆయన్ను కూర్చోబెట్టడంలో దర్శకుడి కొంటెతనం ఉంది.

ఇక్కడ గమనించవలసింది కృత్రిమత ఎక్కడ వాడారన్నది. అన్నీ అబద్ధాలైన ప్రయోగశాలను దర్శకుడు నిజంలా కట్టాడు. నిజమైన ఇళ్లు, ప్రయాణాలు, బంధువుల్లాంటి మనుషుల మధ్య కూర్చునే క్షణాలను బొమ్మల ముందు తీశాడు. మిల్‌గ్రామ్‌కు గట్టిగా ఉన్నది ల్యాబ్ ఒక్కటే, బయటి బతుకంతా పల్చనిది అని చదువుకోవచ్చు. డబ్బు తక్కువ కాబట్టి అలా తీశాడనీ అనవచ్చు. తక్కువ డబ్బుతో తీసే దర్శకుడికి ఈ రెండు కారణాలూ ఒకటే కావడం తరచూ జరిగేదే.

అందరూ గుర్తుపెట్టుకున్న దృశ్యం ఏనుగుది. మిల్‌గ్రామ్ విశ్వవిద్యాలయం వరండాలో మన వైపు నడుస్తూ మాట్లాడుతుంటాడు. వెనక ఒక ఏనుగు నింపాదిగా నడిచి వస్తుంది. ఆయన వెనక్కి తిరగడు. గదిలో ఏనుగు ఉన్నా ఎవరూ దాని ఊసెత్తరు అన్నది ఇంగ్లీషువాళ్ల నానుడి. అందరికీ తెలిసి కూడా నోరు విప్పని పెద్ద సంగతి అని దాని అర్థం. మిల్‌గ్రామ్ తల్లిదండ్రులు తూర్పు యూరప్ నుంచి వచ్చిన యూదులు. ఆయన ప్రయోగాలు జరుగుతున్న కాలంలోనే జెరూసలేంలో నాజీ అధికారి ఐష్‌మన్ విచారణ నడిచింది. 1961 ఏప్రిల్‌లో విచారణ మొదలైంది. ప్రయోగాలు ముగిసిన కొద్ది రోజులకే ఉరిశిక్ష అమలైంది. ఏనుగు యూదుల మారణకాండేనని చాలామంది విమర్శకులు చదివారు. ఇంత విడమర్చి చూపించాలా అని విసుక్కున్నవాళ్లూ లేకపోలేదు. రెండోసారి ఏనుగు వచ్చేసరికి నాకూ కొంచెం అలాగే అనిపించింది. నానుడి తెలియని ప్రేక్షకుడు మాత్రం అదృష్టవంతుడు. వాడికి వరండాలో ఏనుగు మాత్రమే కనిపిస్తుంది, అది ఇంకా బాగుంటుంది.

సార్స్‌గార్డ్ గడ్డం సంగతి వేరు. వయసు గడిచాక మిల్‌గ్రామ్ గడ్డం పెంచాడు. సినిమాలో అది సురభి నాటకంలో అతికించిన గడ్డంలా ముఖం మీద పడి ఉంటుంది. మేకప్ లోపమని కొందరు, కావాలని చేశారని కొందరు అన్నారు. పక్కన ఫొటో గోడలు, ఏనుగు ఉన్న సినిమాలో గడ్డం ఒక్కటి నిజంలా ఉంటే అదే అసహజంగా ఉండేది.

1963 నవంబరు 22 దృశ్యంలో ఈ పద్ధతి సారమంతా ఉంది. తరగతిలో కెనెడీని కాల్చారన్న వార్త చెబితే విద్యార్థులు నమ్మరు, మిల్‌గ్రామ్ ఇంకో ప్రయోగం చేస్తున్నాడనుకుంటారు. భ్రమలు అల్లే మనిషి నోట నిజం కూడా భ్రమలా వినిపిస్తుంది. 'ద టెన్త్ లెవెల్' షూటింగు దృశ్యంలో షాట్నర్‌గా కెలన్ లట్జ్, ఆ నాటకంలోనే నటించిన ఆసీ డేవిస్‌గా డెన్నిస్ హేస్‌బర్ట్ కనిపిస్తారు. మిల్‌గ్రామ్‌గా నటిస్తున్నవాడు, మిల్‌గ్రామ్‌లా నటిస్తున్న షాట్నర్‌గా నటిస్తున్నవాణ్ణి చూస్తూ నిలబడతాడు. చివర్లో ఆస్పత్రి కౌంటరు దగ్గర గుండె నొప్పితో ఉన్న భర్తను పెట్టుకుని సాషా ముందు ఫారం నింపాల్సి వస్తుంది. అవతలి మనిషి చెడ్డది కాదు, రూలు పాటిస్తోంది. మిల్‌గ్రామ్ 1984 డిసెంబరు 20న, 51 ఏళ్ల వయసులో, గుండెపోటుతో చనిపోయాడు.

ఐదేళ్ల తర్వాత అల్మెరెయిడా 'టెస్లా' (2020)లో ఇదే పద్ధతిని ఇంకా ముందుకు తోశాడు. 19వ శతాబ్దపు పాత్ర ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని కథ చెబుతుంది, చివర్లో టెస్లా మైకు పట్టుకుని 1980ల నాటి పాప్ పాట పాడతాడు. అక్కడ శైలి కథ మీద ఎక్కి కూర్చుంది. 'ఎక్స్‌పెరిమెంటర్'లో మోసం కథావస్తువే కాబట్టి కుదిరిన జత, విద్యుత్తు శాస్త్రవేత్త కథలో అంతగా కుదరలేదు.

స్టాన్‌ఫర్డ్: నేలమాళిగ వాస్తవికత

మిల్‌గ్రామ్, జింబార్డో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో ఒకే హైస్కూల్లో, ఒకే తరగతిలో చదువుకున్నారు. జింబార్డో ప్రయోగం 1971 ఆగస్టులో స్టాన్‌ఫర్డ్‌లోని జోర్డన్ హాలు నేలమాళిగలో మొదలైంది. రోజుకు 15 డాలర్లిచ్చి 24 మంది కుర్రవాళ్లను ఎంపిక చేసి ఖైదీలుగా, గార్డులుగా విడగొట్టారు. అరెస్టులు మాత్రం పాలో ఆల్టో పోలీసులే వచ్చి చేశారు. రెండు వారాలనుకున్నది ఆరు రోజులకే ఆగిపోయింది.

దీని మీద వచ్చిన చిత్రాలు దాదాపుగా అన్నీ వాస్తవిక దారివే. జర్మన్ దర్శకుడు ఆలివర్ హిర్ష్‌బీగెల్ తీసిన 'దస్ ఎక్స్‌పెరిమెంట్' (2001), మారియో జోర్డానో నవల 'బ్లాక్ బాక్స్' ఆధారంగా వచ్చింది. ఖైదీ వేషంలో లోపలికి వెళ్లిన విలేకరి కళ్లద్దాల్లో కెమెరా దాచుకుంటాడు. కథ హత్యలదాకా వెళ్తుంది. అసలు ప్రయోగంలో ఎవరూ చావలేదు, జింబార్డో ఈ చిత్రాన్ని గట్టిగా తప్పుపట్టాడు. 2010లో హాలీవుడ్ దీన్ని మళ్లీ తీసింది, దాని గురించి ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

కైల్ పాట్రిక్ అల్వరెజ్ తీసిన 'ద స్టాన్‌ఫర్డ్ ప్రిజన్ ఎక్స్‌పెరిమెంట్' కూడా 2015 సన్‌డాన్స్‌లోనే, 'ఎక్స్‌పెరిమెంటర్'తో పాటే వచ్చింది. టిమ్ టాల్బట్‌కు స్క్రీన్‌ప్లే బహుమతి దక్కింది. జింబార్డోగా బిల్లీ క్రూడప్ నటించాడు, అసలు జింబార్డో సలహాదారు. ఇరుకు వరండా, ముఖాల మీదికి దూసుకొచ్చే కెమెరా, ఊపిరాడని లైటింగు. చూస్తున్నంతసేపూ నమ్ముతాం. ఆ నమ్మకంతోనే ఇబ్బంది. అందరికంటే క్రూరంగా ప్రవర్తించిన గార్డు 'కూల్ హ్యాండ్ ల్యూక్' (1967) సినిమాలోని జైలు అధికారిని అనుకరించాడు. తాను ఒక పాత్ర పోషించానని తర్వాత ఆయనే చెప్పాడు. అల్వరెజ్ సినిమాలో ఆ గార్డుగా మైకేల్ అంగరానో ఆ జైలు అధికారి అమెరికన్ దక్షిణాది యాసను భలేగా పలికాడు గానీ, కెమెరా దాన్ని నటన అని విడదీసి చూపించే తీరిక తీసుకోదు. 2018లో ఫ్రెంచి పరిశోధకుడు తీబో లె తెక్సియే పాత టేపులు, కాగితాలు తవ్వి గార్డులకు ఎలా నడుచుకోవాలో ముందే నూరిపోశారని రాశాడు. ఏనుగు అవసరమైన సినిమా ఏదైనా ఉందంటే ఇదే, అందులో అది లేదు.

మళ్లీ ఆడిన నాటకాలు

సినిమాలే కాదు, ఈ ప్రయోగాలను మళ్లీ 'ఆడినవాళ్లు' కూడా ఉన్నారు. ఫ్రాన్స్ 2 చానెల్ 2010 మార్చిలో చూపించిన 'ల జో ద ల మోర్' డాక్యుమెంటరీ కోసం ఒక ఉత్తుత్తి గేమ్ షో కట్టారు. బూడిద కోటు స్థానంలో యాంకరమ్మ, అద్దం స్థానంలో చప్పట్లు కొట్టే జనం. అధికారం అంటే ఇప్పుడు ల్యాబ్ కాదు, టీవీ అన్నది వాళ్ల ఉద్దేశం. 80 మందిలో 64 మంది చివరిదాకా వెళ్లారు. సెట్ ఎంత తళతళలాడితే అంత నమ్మారన్నమాట.

ఆస్ట్రేలియన్ రచయిత్రి జీనా పెర్రీ యేల్ భాండాగారంలోని టేపులు విని 2012లో రాసిన పుస్తకంలో, మిల్‌గ్రామ్ దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామంది ఇదంతా నాటకమేమో అని అనుమానించారనీ, బూడిద కోటు ఆయన రాసిచ్చిన మాటలు దాటి మరీ బలవంతపెట్టాడనీ చూపించింది. అంటే భ్రమ అంత గట్టిదేమీ కాదు.

దానికి పదేళ్ల ముందు, 2002లో, రాడ్ డికిన్సన్ అనే బ్రిటిష్ కళాకారుడు గ్లాస్గో నగరంలోని సమకాలీన కళల కేంద్రంలో మిల్‌గ్రామ్ గదులను కొలతలతో సహా మళ్లీ కట్టించి, ప్రయోగంలో కొంత భాగాన్ని నటులతో అక్షరం పొల్లుపోకుండా ఆడించాడు. యంత్రం నకలు, కేకలు నకలు, షాక్ ఇస్తూ చెమటలు పట్టేవాడు కూడా నటుడే. ప్రేక్షకులు అద్దం ఇవతల నిలబడి చూశారు. మోసపోయేవాడు ఎవడూ లేని ఆ ప్రదర్శన గంటలకొద్దీ సాగింది.